పగలు షట్టరు దించిన రోజు

చిత్తూరులో నన్నెరిగినవాళ్ళు నా మాటల్లో సగం కొట్టేసి వింటారు. మిగిలిన సగం టీ గ్లాసు కింద పెట్టేలోగా మరిచిపోతారు. వాళ్ళను తప్పుపట్టను. పలమనేరు అడవి దిగి వచ్చిన ఒంటరి ఏనుగు మా షెడ్డు ముందు లారీల వెనకే బుద్ధిగా నిలబడి, తన వంతు రాగానే తొండమెత్తి, హారన్ సరిగా మోగడం లేదని నాతో మొరపెట్టుకుందని ఊరంతా చెప్పింది నేనే. పాకాల రైలు గేటు దగ్గర లైట్లు పోయి ఆగిన పెళ్ళిబస్సుకు పెళ్ళికొడుకు ఉంగరాన్నే ఫ్యూజుగా పెట్టి, ముహూర్తానికి చేర్చానని చెప్పిందీ నేనే. ఆ పెళ్ళికొడుకు వేలు ఇప్పటికీ రాత్రిపూట వెలుగుతుందని కూడా చేర్చి ఉంటాను, వినేవాళ్ళ ఓపికను బట్టి.

ఇప్పుడు రాస్తున్నది ఆ జాతిది కాదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లల కోసం రాస్తున్నాను. మీరు డాష్‌బోర్డు కింద స్కానరు తగిలిస్తే చాలు, తన నొప్పి ఎక్కడో బండే చెబుతుంది. నేను పనిచేసిన బండ్లకు నోరు ఉండేది కాదు. వాటి తరఫున మనిషి చెప్పాలి. ఆ మనిషిని ఎవరూ నమ్మకపోతే ఏమవుతుందో నేను ఒక్కసారి దగ్గరుండి చూశాను. ఆ తర్వాత రోడ్డు వెడల్పులో మా షెడ్డు పోయింది, నా కుడి భుజమూ మొరాయించింది, ఎలక్ట్రీషియన్ పని మానేశాను. ఎన్నో బండ్ల వైరింగు మరిచిపోయాను కానీ ఆ జీపుది మాత్రం కళ్ళు మూసుకుని గీయగలను.

అది బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడితోటల ఆసామిది. నాలుగు చక్రాలూ లాగే పాతకాలపు జీపు. తోటల్లో గుట్టలెక్కి కాయలు దింపుకురావడానికి దాన్ని మించింది లేదని ఆయన దాన్ని అమ్మలేదు. దాన్ని తోలే డ్రైవరు ఆయన దగ్గరే వయసు మళ్ళినవాడు. డ్రైవరు తమ్ముడు కూడా అదే తోటలో కూలికి చేసేవాడు. జీపు వెంట మా షెడ్డుకూ వచ్చేవాడు, ఎడమచేతి వాటం మనిషి.

కాయల కాలంలో ఒక మునిమాపు, గుజ్జు ఫ్యాక్టరీకి వేయాల్సిన లోడుతో జీపు గుట్ట దిగుతోంది. డ్రైవరు స్టీరింగు ముందు ఉన్నాడు. బుట్టలు జారకుండా పట్టుకుని తమ్ముడు వెనక మెట్టు మీద నిలబడ్డాడు. మలుపులో జీపు దారి తప్పి పక్కనున్న వంకలోకి దిగింది. తమ్ముడు బండల మీద పడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

"లైట్లు ఆరిపోయినాయి, దారి కనపడలా" అన్నాడట డ్రైవరు, పరుగెత్తుకొచ్చినవాళ్ళతో. కానీ వాళ్ళొచ్చేసరికి వంకలో ఒరిగి ఉన్న జీపు రెండు లైట్లూ దివ్యంగా వెలుగుతున్నాయి. ఆ వెలుతురులోనే తమ్ముణ్ణి పైకెత్తారు. ఇక డ్రైవరు మాట ఎవరు వింటారు? ఒకప్పుడు తాగేవాడు. కాణిపాకం వినాయకుడి ముందు మాటిచ్చి మానేశాడు. మానినవాడు మళ్ళీ మొదలుపెట్టాడన్నారు కొందరు. స్టీరింగు మీద నిద్రపోయాడన్నారు కొందరు. అతను తోలుతున్నాడంటే కూలీలు బండి ఎక్కడం మానేశారు.

తమ్ముడి భార్య మాత్రం ఏమీ అనలేదు. పెద్దకర్మ అయ్యాక ఒక్కటే అడిగింది.

"లైట్లు ఆరిపోయినాయని కాణిపాకంలో చెప్పు బావా. నేను నమ్ముతా."

మా వైపు మాట తేలకపోతే అంతే. తలమీద నీళ్ళు పోసుకుని, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి చెబితే ఇక దానికి ఎదురు లేదు. డ్రైవరు ఆమెకు ఔననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. తల దించుకున్నాడు. ఊరికి ఆ తల దించడం చాలు. రాబోయే సంకటహర చవితికి అతన్ని తీసుకుపోవాలని పెద్దలు నిర్ణయించారు.

ఆ చవితికి ముందు వారంలోనే జీపు మా షెడ్డుకు వచ్చింది. వంకలో నలిగిన మడ్‌గార్డు సరిచేయాలని ఆసామి తానే తోలుకొచ్చాడు. డ్రైవరు కూడా వచ్చాడు.

"ఏమప్పా, సూసి ఒక్క మాట చెప్పు. లైట్లు బాగుండాయా లేదా? నీ కతలు నాకొద్దు" అన్నాడు ఆసామి.

స్విచ్చు లాగాను. రెండు లైట్లూ వెలిగాయి.

"సూసినావా?" అన్నాడు ఆసామి, నాతో కాదు, డ్రైవరుతో. అంతే, వెళ్ళిపోయాడు.

డ్రైవరు మాత్రం కదలలేదు. షెడ్డులో పాత టైరు మీద కూర్చుని, నోరు విప్పాడు.

"అన్నా, నీతో నిజం చెప్తాండా. లైట్లు పోయినాయో, నా కండ్లే మూత పడినాయో నాకే తెలీడంలా. తెల్లారకముందు నుంచి కాయలెత్తినాము. సీకటైపోయినట్టు గుర్తుండాది. అది బయటి సీకటో, నా లోపలి సీకటో... స్వామి ముందర తెలియని మాట ఎట్ల చెప్పేది?"

నేను జీవితమంతా తెలియని సంగతులను గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పినవాణ్ణి. తాను కళ్ళారా చూసినదాన్ని కూడా నమ్మకం లేక చెప్పని మనిషిని అప్పుడే చూశాను. ఊరు అతని మౌనాన్ని తప్పు ఒప్పుకోవడం అనుకుంటోంది. అతను మాత్రం తన తమ్ముణ్ణి చంపింది తన రెప్పలేనేమో అని లోపల్లోపల కాలిపోతున్నాడు.

"కనిపెడతా పో" అన్నాను. అప్పటికి అది కూడా నా కతల్లో ఒకటే.

ఆ షెడ్డులో నాతోపాటు ఒక ఇంజన్ మేస్త్రీ ఉండేవాడు. సిమెంటు మూటలాంటి మనిషి. నవ్వడు కానీ పక్కవాణ్ణి ఎత్తిపొడవడం బాగా తెలుసు. బానెట్ ఎత్తి నేను ఆ జీపు వైర్లను ఒక్కొక్కటే తడుముతుంటే పక్కన నిలబడి, "ఆ ఏనుగును పిలిపీ అబ్బా. అది తొండం పెట్టి వెతుకుతాది" అన్నాడు.

వెతికాను. బ్యాటరీ బిగింపులు చూశాను. చాసీస్‌కు దిగే ఎర్త్ విప్పి, తుప్పు గీకి మళ్ళీ బిగించాను. వైర్ల కట్టను పట్టుకుని ఊపాను, లాగాను, తట్టాను. లైట్లు కన్ను ఆర్పలేదు. పట్టపగలు జీపును గతుకుల రోడ్డు మీద తిప్పాను, వట్టి బండితో. పగటిపూట హెడ్‌లైటు ఆరిందో లేదో సీట్లో కూర్చున్నవాడికి తెలియదన్న ఇంగితం కూడా తిరిగొచ్చాక గానీ కలగలేదు. విసుగెత్తి, స్విచ్చు పాతది కదా మార్చేద్దామని కొత్తది తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాను. పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. తప్పు దొరక్కముందే సామాను మార్చే చెయ్యి చాలా ప్రమాదమైనది. ఆ స్విచ్చు మార్చి ఉంటే ఆ డ్రైవరు బతుకంతటికీ సాక్ష్యం లేకుండా చేసేవాణ్ణి.

సాయంత్రం డ్రైవరు వచ్చాడు. "ఏమీ కనపడలా" అన్నాను.

అతను చాలా నెమ్మదిగా తల ఊపాడు. "అట్లయితే నా కండ్లేనన్నా. సరే. స్వామి ముందర అదే చెప్తా. నిద్రపోయినానని."

"నిజం తెలీకుండా అది మాత్రం ఎట్ల చెప్తావు?"

"ఇది చెప్తే ఎవురికీ నష్టం లేదు గదన్నా, నాకు తప్ప."

ఆ రాత్రి కొత్త స్విచ్చును తిరిగి దాని డబ్బాలో పెట్టేశాను.

మర్నాడు మేస్త్రీ ఎవరిదో లారీ గేరుబాక్సు దింపి, పెట్టడానికి చోటు లేక తెచ్చి ఆ జీపు వెనక భాగంలో పడేశాడు. నేను లైట్లు వేసి గోడ వైపు చూస్తూ కూర్చున్నాను, అవి అలసిపోయి ఆరుతాయేమోనన్నట్టు. మా షెడ్డు వెనక గోడ పగలు కూడా మసకగానే ఉంటుంది, దాని మీద రెండు పసుపు వృత్తాలు. టీ వచ్చింది. కూర్చోవడానికి చోటు లేక మేస్త్రీ, నేను తెరిచి ఉంచిన బానెట్‌ను ధనామని మూసి, క్లిప్పులు వేసి, దాని మీదికెక్కి కూర్చున్నాడు.

గోడ మీద వృత్తాలు లేవు.

"లెయ్యొద్దు! అట్లే కూచో!" అని అరిచాను.

"ఏందిరా నాయనా, నేనేమన్నా గుడ్లు పెడతాండానా?"

"కదలొద్దన్నానా!"

అతను గ్లాసు నోటి దగ్గరే పెట్టుకుని బిగుసుకుపోయాడు. అప్పుడు డాష్‌బోర్డులోంచి సన్నగా, వేలు విరిచినట్టు, 'టక్' మంది. లైట్లు వాటంతటవే వెలిగాయి. కాసేపటికి మళ్ళీ ఆరాయి. మళ్ళీ టక్, మళ్ళీ వెలుగు.

అంతా తెలిసిపోయింది. ఆ కాలపు జీపుల్లో హెడ్‌లైటుకు ఫ్యూజు ఉండదు. స్విచ్చు లోపలే ఒక చిన్న రేకు ఉంటుంది. ఎక్కడైనా వైరు ఇనుముకు తగిలి కరెంటు ఎక్కువ లాగితే రేకు వేడెక్కి వంగి, దారి తెంచుతుంది. చల్లారగానే మళ్ళీ అతుక్కుంటుంది. ఫ్యూజైతే కాలిపోయి సాక్ష్యంగా మిగిలేది. ఈ రేకు లైట్లు ఆర్పి, మనిషిని వంకలో పడేసి, జనం పరుగెత్తుకొచ్చేలోపు ఏమీ ఎరగనట్టు వెలిగించి కూర్చుంది.

మరి వైరు తగులుతున్నది ఎక్కడ? మూసిన బానెట్‌ను నేను తెరవలేదు. లైటు సమస్య అనగానే మేమందరం మొదట చేసే పని బానెట్ ఎత్తడం. దోషం దాగేదీ సరిగ్గా అప్పుడే. నేలమీద పడుకుని, ముందరి గ్రిల్లు సందుల్లోంచి టార్చి వేసి చూశాను. గ్రిల్లు వెనక, లైటు వైరు కట్టకు ఆనుకుని, మెలిపెట్టిన ఇనుప తీగ ముక్క ఉంది. దాని మొన వైరు పైపొరను కొరికి, లోపలి రాగిని నల్లగా చేసింది. మెలికలో ఎండిపోయిన అరటినార కొంత, దాని మీద పసుపు మరక.

మీలో ఈ జిల్లా వాళ్ళకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఆయుధ పూజకు ప్రతి బండికీ అటూ ఇటూ అరటి పిలకలు కడతాం. తాడు ఎవరు వెతుకుతారు? చేతికందేది బైండింగ్ వైరు. పూజ అయ్యాక పిలకలు పీకి ఆవులకు వేస్తాం. తీగ మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఏ పాత బండి గ్రిల్లు వెనక వెతికినా రెండు పూజల తీగలైనా దొరుకుతాయి. బానెట్ బిగించి, వెనక బరువు పడితే, వదులైన ఆ జీపు ఒళ్ళు వెంట్రుకవాసి అటు జరిగేది. తీగ రాగిని ముద్దుపెట్టుకునేది.

"పీకి ఆయమ్మకు చూపియ్. పని అయిపోతాది" అన్నాడు మేస్త్రీ.

"నా చేతిలో తీగ ముక్క సూసి నమ్ముతారా? ఏనుగు తొండంలోంచి పీకినానంటారు."

అతను గ్లాసు కింద పెట్టాడు. "అదీ నిజమే" అన్నాడు. అంత త్వరగా ఒప్పుకోనక్కర్లేదు అనిపించింది.

అందుకే తీగను తాకలేదు. చెప్పడం నావల్ల కాదు కాబట్టి, చూపించాలి.

చవితి ఉదయం కాణిపాకం పోతూ ఆసామి, తమ్ముడి భార్య ఆటోలో మా షెడ్డు దగ్గర ఆగారు. ఆగమని నేనే కబురు పంపాను. డ్రైవరు తెల్లవారకముందే వచ్చి, మాపటి బట్టలతోనే అదే టైరు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె నిండా ముప్పై కూడా దాటని మనిషి. వేళ్ళ నిండా మామిడి సొన కాల్చిన మచ్చలు. బావ వైపు చూడలేదు.

"బిరబిర కానీ. మనం ప్రమాణానికి పోతాండాము, తమాషాకు కాదు" అన్నాడు ఆసామి.

షట్టరు దించాను. పట్టపగలు షెడ్డు చీకటైంది. లైట్లు వేశాను, గోడ మీద రెండు వృత్తాలు. మేస్త్రీ వెళ్ళి బానెట్ మీద కూర్చున్నాడు.

ఏమీ కాలేదు.

మేస్త్రీ అటు జరిగాడు, ఇటు జరిగాడు, ఎగిరి కూర్చున్నాడు. లైట్లు గుడ్లప్పగించి నన్నే చూస్తున్నాయి. బండి రోగం జనం ముందు బయటపడదు. ఈ పనిలో ఉన్నవాళ్ళకు ఆ నరకం తెలుసు.

"ఏమప్పా, ఏనుగు రాలేదా?" అన్నాడు ఆసామి. ఆమె కొంగు సర్దుకుని లేచింది. డ్రైవరు కూడా లేచాడు, ఉరిశిక్షకు పిలిచినట్టు కాదు, ఊరి బస్సు వచ్చినట్టు.

అప్పుడు నా కళ్ళు జీపు వెనక భాగం మీద పడ్డాయి. ఖాళీ. గేరుబాక్సు లేదు. ముందురోజే దాని యజమాని వచ్చి తీసుకుపోయాడు.

"వెనక బరువు కావల్ల! ఎవురైనా వెనక మెట్టెక్కండి!"

"మేమేమన్నా నీ నాటకంలో వేషగాళ్ళమా?" అన్నాడు ఆసామి.

ఆమె మాత్రం ఆగింది. అన్ని రోజుల తర్వాత మొదటిసారి డ్రైవరు ముఖం చూసింది.

"ఆయప్ప యాడ నిలబడినాడు బావా?"

డ్రైవరు వెనక మెట్టు కుడి చివర చూపించాడు. ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, మెట్టెక్కి, పై కమ్మీ పట్టుకుని నిలబడింది.

లైట్లు ఆరిపోయాయి.

ఆ చీకటిలో షట్టరు అవతల ఒక లారీ పోయిన చప్పుడు వినిపించింది. ఆసామి గొంతు సవరించుకోబోయి మానుకున్నాడు. ఎంతసేపో చెప్పలేను. ఒక మనిషి గుట్ట మలుపులో దారి తప్పడానికి సరిపడేంత.

టక్. వెలుగు.

ఆమె ఇంకా కమ్మీ పట్టుకునే ఉంది.

"ఇట్లే పోయినాయా బావా?"

"ఇట్లేనమ్మా." డ్రైవరు గోడ మీద వెలుగు వైపు చూశాడు. "ఇట్లే... నా కండ్లు తెరిసే ఉండాయమ్మా. తెరిసే ఉండాయి."

అది ఆమెకు చెప్పాడో తనకు తాను చెప్పుకున్నాడో.

షట్టరు ఎత్తాను. "దేనివల్ల?" అని అడిగింది ఆమె. నేలమీద పడుకుని, గ్రిల్లు సందులోంచి తీగను కత్తిరించి బయటికి తీశాను. వెలుతురులో దాన్ని చూశాను. మెలిక ఎడమవైపుకు తిరిగి ఉంది. కుడిచేతి వాటం మనిషి ఎంత తిప్పినా తీగ అటు తిరగదు. డ్రైవరు నా చేతి వైపు చూశాడు, తర్వాత నా ముఖం వైపు. అతనికీ తెలిసింది.

"అరటి పిలకలు కట్టిన తీగ. నేనే కట్టినాను. ఆయుధ పూజకు" అన్నాడు గబగబా.

అబద్ధాల్లో ఆరితేరినవాణ్ణి, అంత మంచి అబద్ధానికి అడ్డు పోవడానికి మనసు రాలేదు.

ఆమె నా చేతిలోంచి తీగ తీసుకుని, సొన మచ్చల అరచేతిలో పెట్టుకుని చూసింది. బొటనవేలితో మెలికను తడిమింది.

"ఎడమచేతి ముడి బావా ఇది" అంది. "మా దడికి, కోళ్ళగూటికి, పందిరికి, అన్నిటికీ ఇట్లే కట్టినాడు. పీటముడి పడేదాకా తిప్పేవాడు, ఇప్పలేక నేను తిట్టేదాన్ని."

డ్రైవరు తల దించుకున్నాడు.

"స్వామి కాడికి పోయే మనిషివి. దోవలోనే అబద్ధం మొదలుపెడితే ఎట్ల?"

ఆ మాటకు అతను ఏడ్చాడు. తమ్ముడు పోయిన నాడు కూడా ఏడవలేదని ఆసామి తర్వాత చెప్పాడు. పెద్దగా ఏడవలేదు. జీపు మడ్‌గార్డు మీద చెయ్యి ఆనించుకుని, భుజాలు మాత్రం కదిలాయి. ఆమె ఓదార్చలేదు. పక్కన నిలబడింది, అంతే. తీగను కొంగు చివర కట్టుకుంది. మేస్త్రీ ముఖం తిప్పుకుని, పని లేకపోయినా స్పానర్లు తుడవడం మొదలుపెట్టాడు.

నేను రాగి బయటపడ్డ చోట కొత్త వైరు అతికి, టేపు చుట్టి, గ్రిల్లుకు దూరంగా కట్టాను. చేతులకు ఏదో ఒక పని ఉండటం ఎంత మేలో ఆ రోజు తెలిసింది. బానెట్ మూసి, వెనక మేస్త్రీని ఎక్కించి, లైట్లు వేసి చూపించాను. ఆరలేదు.

ఆసామి చాలాసేపు కాలి చెప్పుతో నేల గీకుతూ నిలబడ్డాడు. "సరే, పదండి. పొద్దెక్కుతాండాది. ఆటో కనిపెట్టుకోనుండాది" అన్నాడు. ఎక్కడికని అనలేదు.

ఆమె ఆటో వైపు నడవలేదు. చుట్టూ తిరిగి వచ్చి, జీపు ముందు సీట్లో, డ్రైవరు పక్కన ఉండే చోట కూర్చుంది.

డ్రైవరు నిలబడే ఉన్నాడు. ఆ ప్రమాదం తర్వాత అతను స్టీరింగు పట్టగా పక్కన మనిషి కూర్చోవడం అదే మొదలు.

"తోలు బావా" అంది. "మాపటికి పిల్లోళ్ళు బడినుంచి వచ్చేస్తారు. వాళ్ళకు నువ్వే చెప్పల్ల, వాళ్ళ నాయనకు ఏమైందో."

అతను ఎక్కాడు. తాళం తిప్పాడు. రెండోసారికి ఇంజను అందుకుంది. ఆసామి ఏమనుకున్నాడో, ఆటోను పంపేసి వెనక ఎక్కి కూర్చున్నాడు. సొంత బండిలో వెనక కూర్చోవడం ఆయనకు అలవాటు లేదని కూర్చున్న తీరులోనే తెలిసింది.

మా షెడ్డు దాటగానే దారి చీలుతుంది. కుడికి పోతే కాణిపాకం, ఎడమకు పోతే బంగారుపాళ్యం. నేనూ మేస్త్రీ గుమ్మంలో నిలబడి చూశాం. చీలిక దగ్గర జీపు ఆగింది. వెనక వచ్చిన బస్సు హారన్ కొట్టింది. అయినా జీపు కదల్లేదు. ముందు సీట్లో రెండు తలలు కనిపిస్తున్నాయి, ఏం మాట్లాడుకున్నారో తెలియదు.

తర్వాత ఎడమ ఇండికేటరు వెలిగింది, ఆరింది, వెలిగింది. జీపు అటే తిరిగింది.